పిడుగు నేర్పిన ఈల

కండక్టరమ్మ విజిల్ వేయందే బండి కదలదు. తగువు తేలందే ఆవిడ విజిల్ వేయదు. ఆ రూటు బస్సెక్కే వాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. చంటిపిల్లతో ఎక్కిన తల్లికి సీటివ్వకుండా కిటికీలోంచి ఆకాశం చూసే పెద్దమనిషి ఒకడున్నాడనుకోండి, బస్సు అక్కడే ఆగిపోతుంది. వెనక హారన్లు మోగుతాయి. "పోనిద్దూ అక్కా, టైమైపోతోంది" అని డ్రైవరు మొత్తుకుంటాడు. "నువ్వు స్టీరింగు చూసుకో తమ్ముడూ. ఆయన ఆకాశం చూడ్డం అయ్యాక వెళ్దాం" అంటుంది ఆవిడ. పెద్దమనిషి లేస్తాడు. లేవక చస్తాడా?

ఇంతటి మనిషీ హైస్కూల్లో ఉండగా నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల అంటే ఎవరూ నమ్మరు. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల పలికిన "ఉన్నానండీ" మాస్టారికి వినపడేది కాదు. ఎదురుగా కూర్చుని ఉండగానే ఆబ్సెంటు పడేది. ఆమెను బాగుచేసింది పక్కన కూర్చునే పిడుగు.

అసలు పేరుతో పిలిస్తే పిడుగు పలికేది కాదు. అదొక్కటే కాదు, చెప్పిన మాట ఏదీ వినేది కాదు. ఒకనాడు లెక్కల క్లాసు భరించలేక స్టూలెక్కి ఇంటిగంట కొట్టేస్తే, స్కూలు స్కూలంతా సంచులు భుజాన వేసుకుని గేటు దాటిపోయింది. హెడ్మాస్టరు కూడా గొడుగు చంకలో పెట్టుకుని సగం దూరం వెళ్ళాక గడియారం చూసుకున్నాడట. అలాంటి పిడుగు, హాజరు పలకలేని స్నేహితురాలిని స్కూలు వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, రెండు వేళ్ళు నోట్లో పెట్టించి ఈల నేర్పింది. "నోరు పెగలకపోతే ఈలెయ్యవే మొద్దూ. చచ్చినట్టు తలెత్తి చూస్తారు" అంది. మరునాడు హాజరుకి ఆ పిల్ల ఈలే వేసింది. ఇద్దరూ పీరియడంతా బెంచీ ఎక్కి నిలబడ్డారు. ఆ తర్వాత ఆబ్సెంటు మాత్రం పడలేదు.

పదో తరగతి గట్టెక్కిన మరుసటి వానాకాలం పిడుగుకి జ్వరం వచ్చింది. ఆ ఏడు ఊరందరికీ వచ్చిన జ్వరమే. అందరికీ తగ్గింది, దానికి తగ్గలేదు.

ఆ బ్యాచ్ వాళ్ళు ఏటా ఒక ఆదివారం పాత క్లాసులోనే కలుస్తారు. ఎవరి బెంచీలో వాళ్ళు కూర్చోవాలన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. పొట్టలు బెంచీకీ బల్లకీ మధ్య ఇరుక్కుంటాయి, అయినా సరే కూర్చుంటారు. పిడుగు చోటు ఖాళీగా వదిలేస్తారు. అప్పటి క్లాస్ లీడరు, ఇప్పటి బ్యాంకు మేనేజరు, నిలబడి ఒక కాగితం చదువుతాడు. ఏటా అదే కాగితం. శాంతమూర్తి, అణకువకు మారుపేరు, ఎవరినీ పల్లెత్తు మాట అనని బంగారుతల్లి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, మనిషిని మొత్తంగా మార్చేస్తే ఎలా? కండక్టరమ్మకు విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. కానీ అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే అడ్డుపడ్డానికి మనసొప్పేది కాదు.

ఈ ఏడు పిడుగు వాళ్ళమ్మ బస్సెక్కింది. బాగా వంగిపోయింది. కండక్టరమ్మ గుర్తుపట్టి, సీటు ఇప్పించి, ఆదివారం రమ్మని అడిగింది.

"మొదటి ఏడు వచ్చానుగా తల్లీ. మళ్ళీ వచ్చి ఏం వినాలి?" అంది ముసలావిడ.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

"ఈసారి నేను మాట్లాడతా పిన్నీ. మాటిస్తున్నా, రా."

ఆదివారం లీడరు కాగితం మడత విప్పేసరికి కండక్టరమ్మ లేచి వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టేసింది.

"ఈ ఏడు ఇది వద్దు లీడరూ. నేను చెప్తా."

"నువ్వేం చెప్తావో నాకు తెలుసు" అన్నాడు లీడరు గొంతు తగ్గించి. "వాళ్ళమ్మ ఎదురుగానే కూర్చున్నారు. పెద్దావిణ్ణి ఏడిపించకు."

"ఏడవనీ. కాకపోతే తన కూతురి కోసం ఏడవాలి. నీ కాగితంలో పిల్ల కోసం కాదు."

"పోయినదాని మీద చాడీలు చెప్తావుటే?" అంది మందులషాపు నడిపే స్నేహితురాలు వెనక బెంచీలోంచి. ఇంకెవరో "కూర్చోమ్మా, కూర్చో" అన్నారు. కండక్టరమ్మ కూర్చోలేదు. రోజూ బస్సులో చూసే గోలే కదా ఇది. తగువు తేలేదాకా కదిలేది లేదని బల్లకు ఆనుకుని నిలబడింది.

ఇంటిగంట సంగతితో మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. అందరి చూపూ ముసలావిడ మీదే ఉంది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆవిడ మనసు విరిగితే ఆ పాపం తనదే. అయినా మాటిచ్చింది, మధ్యలో దిగిపోవడానికి లేదు.

"లీడరూ, నీ బొటనవేలి కింద మచ్చ సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

లీడరు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. మళ్ళీ తనే ముందుకు చాపాడు.

"అది కరిచింది" అన్నాడు. "నేను నీ సంచి గోడవతల పారేశానని. మాస్టారు వచ్చి లాగినా వదల్లేదు, రాక్షసి. నేను నీకు క్షమాపణ చెప్పాకే వదిలింది." అంటూనే నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో పిడుగు పేరు మీద వినపడ్డ మొదటి నవ్వు అదే.

ఇక ఎవరూ ఆగలేదు. నా పెన్ను నమిలేసిందని ఒకరు, నా జడ బెంచీకి కట్టేసిందని ఒకరు. ఇందాక చాడీలని దెప్పిన మందులషాపు ఆవిడే అందరికంటే ఎక్కువ చెప్పింది. కండక్టరమ్మ చివరికి మెట్ల మీద ఈల సంగతి చెప్పింది. "డ్యూటీలో చేరిన మొదటిరోజే విజిల్ పోగొట్టుకున్నా పిన్నీ. వేళ్ళతోనే బండి నడిపించా. నాకు నోరిచ్చింది మీ అమ్మాయే. దాన్ని శాంతమూర్తి అంటే నేనెలా ఊరుకుంటాను?"

ముసలావిడ ఖాళీగా ఉన్న కూతురి చోటు వైపు తిరిగింది.

"మొదటి ఏడు ఆ కాగితం విని, ఎవరి పిల్లో అనుకున్నా" అంది. "నా పిల్ల ఇక్కడెవరికీ గుర్తులేదు కాబోలని ఇంటికెళ్ళిపోయా. అందుకే మళ్ళీ రాలేదు. ఆడపిల్లకి ఆ ఈలేమిటని వీపు చిట్లగొట్టేదాన్నమ్మా. కొట్టిన కొద్దీ వేసేది, ముండ." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏదీ, ఒక్కసారి వెయ్యవే. వింటాను."

కండక్టరమ్మ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. వెంటిలేటర్లో పావురాలు లేచిపోయాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. బ్యాంకు మేనేజరు చెవులు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకుని విన్న ముసలావిడ తల అడ్డంగా ఊపింది.

"ఉహూఁ. అది ఇంకా గట్టిగా వేసేది."

కండక్టరమ్మ వేళ్ళు తుడుచుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుంది.