మేస్త్రీ మీసం తీయించిన బావమరిది

సౌదీలో, హుఫూఫ్ క్యాంపులో మాతో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఒక సంగతి చెప్పుకుని నవ్వుతారు. రోమన్ కథలో హంతకుడెవరో తప్పు చెప్పి మా తాపీమేస్త్రీ మీసం పోగొట్టుకున్నాడట. మేస్త్రీ తప్పు చెప్పలేదు. తప్పు చెప్పింది నేను.

ఆయనది జగిత్యాల వైపు. మీసం బుగ్గల మీదికి ఎక్కి, కొనలు గుండ్రంగా తిరిగి ఉండేది. కువైట్ కోసం యుద్ధం వచ్చిన ఆ చలికాలంలో కంపెనీ మాకు గ్యాస్ మాస్కులు పంచింది. గడ్డాలూ పెద్ద మీసాలూ ఉంటే మాస్కు సరిగా అతుక్కోదని ఫోర్‌మన్ హెచ్చరించాడు. గడ్డాలవాళ్లు చాలామంది తీసేశారు. మేస్త్రీ మాత్రం సైరన్ మోగితే కొనలు రెండూ లోపలికి దోపుకుని, ఊపిరాడక ఎర్రబడి కూర్చునేవాడు కానీ కత్తెర తాకనివ్వలేదు. సెలవు మీద వెళ్లగానే ఆయన పెళ్లి. పెళ్లికూతురి తరఫువాళ్లకు పంపిన ఫోటోలో ముఖం సగం మీసమే.

నేను అక్కడ టైమ్‌కీపర్ని. యుద్ధానికి భయపడి వెళ్లిపోయిన ఇంజనీరు గదిలో ఒక ఇంగ్లీషు డిటెక్టివ్ నవల దొరికింది. రోమన్ల కాలంలో, రాజధానికి బాగా దూరంగా ఒక చిన్న పట్నం. నూనె వర్తకుడొకడు స్నానశాలలో చచ్చి పడి ఉంటాడు. హంతకుణ్ణి పట్టుకునే పని ఒక మాజీ సైనికుడి మీద పడుతుంది. శుక్రవారం భోజనాలయ్యాక మెస్సులో కూర్చుని దాన్ని తెలుగులో కొంచెం కొంచెంగా చెప్పేవాణ్ణి. స్నానశాలను హమామ్ అన్నాను, గవర్నర్ను అమీర్ అన్నాను. అక్కడి బానిసకు యజమాని ఒప్పుకుంటే తప్ప విడుదల లేదనగానే, మిగతా రోమన్ చట్టం ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. వంటాయన నాకు చేప నడిమి ముక్క దాచిపెట్టేవాడు. యుద్ధం ముగిసింది, సైరన్లు ఆగాయి. కథ మాత్రం సాగుతూనే ఉంది.

సగం కథలో ఊరి ద్వారం దగ్గర సుంకం వసూలు చేసేవాడు వస్తాడు. హత్య జరిగిన రాత్రి ద్వారం దాటి ఎవరూ లోపలికి రాలేదని సైనికుడికి చెబుతాడు. మేస్త్రీ పళ్లు కుట్టుకుంటూ, "సుంకపోడే సంపిండు" అన్నాడు.

ఎలా అని అందరూ అడిగారు.

"వచ్చెటోన్ని పోయెటోన్ని వాడే అడుగుతడు. వాన్ని ఎవలడుగుతరు? చెక్‌పోస్టుల నిలబడ్డోన్ని నీ అకామా కార్డు సూపియ్యమని ఎవలన్న అడిగిన్రా?"

నేను అప్పటికే నవల చివరిదాకా చదివేశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సగం పుస్తకం మిగిలి ఉండగానే గుట్టు తేలిపోతే వచ్చే శుక్రవారం నా చుట్టూ ఎవరు కూర్చుంటారు?

"అబ్బే, వాడు కాదు మేస్త్రీ. వాడు అమాయకుడు" అన్నాను.

"వాడు కాకుంటె మీసం తీపిచ్చుకుంట సార్."

ఆ మాట క్యాంపంతా పాకింది. కథ కోసం కాకపోయినా మీసం ఏమవుతుందో చూడ్డానికి పక్క గదులవాళ్లు కూడా రాసాగారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే మీసం దక్కేది. నాకు ఆ జనం ముద్దయిపోయారు. సుంకంవాడికి పుస్తకంలో లేని ముసలి తల్లిని తగిలించాను, ఆమెకు జబ్బు కూడా చేయించాను. చివరి శుక్రవారం హత్యను వర్తకుడి బావమరిది నెత్తిన వేశాను. మెస్సంతా ఈలలు. తమ తమ బావమరుదులు తలపుకొచ్చారో ఏమో, అది తమకు ముందే తెలుసన్నారు చాలామంది.

మేస్త్రీ ఒక్క మాట కూడా వాదించలేదు. మాటంటే మాట అని బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మీసం తీశాక పైపెదవి చంటిపిల్లాడి చర్మంలా తెల్లగా బయటపడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ముఖంతోనే పెళ్లికి వెళ్లాడు.

కొన్నేళ్ల తర్వాత రియాద్‌లో, బతా బజారులో ఒక శుక్రవారం, సెలవు రోజు జనం గుంపులో ఎవరో నా భుజం తట్టారు. గొంతు విని గుర్తుపట్టాను. మీసం అప్పటికీ లేదు. చాయ్ తాగుతూ పెళ్లి సంగతులు చెప్పాడు. ఫోటోలో ఉన్నాయన ఏడని పిల్ల మేనమామ పందిట్లోనే అడిగాడట, పాస్‌పోర్టు తెచ్చి చూపిస్తే గానీ పీటల మీద కూర్చోనివ్వలేదట. ఆ తర్వాత భార్యకు ఉత్త ముఖమే నచ్చిందట. ఆయన నవ్వుతూ చెబుతుంటే నేను కప్పు కింద పెట్టాను. జరిగింది చెప్పేశాను.

"అంటే సుంకపోడేనా?"

"వాడే."

"మరి గా ముసలి తల్లి?"

"నేను పెట్టిందే."

కప్పులో చాయ్ ఒలికిపోయేంతగా నవ్వాడు. లేచి నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్న పాకిస్తానీ మంగలి దుకాణానికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మాటంటే మాట సార్. అసలు కథ చెప్పుకుంట నీ మీసం తీపిచ్చుకో. తర్వాత క్యాంపోల్లందరికి చెప్పాలె."

మూతికి సబ్బు నురగతోనే చెప్పాను. ఆ రాత్రి ఎవరూ రాలేదన్న సుంకంవాడే, చచ్చినవాడి నూనె జాడీల మీద ఆ రాత్రి తేదీతో సుంకం ముద్ర వేశాడు. అలా దొరికిపోయాడు. మేస్త్రీ దాన్ని, నేను బావమరిది నెత్తిన వేసిన ముగింపుతో సహా, వాక్యం వాక్యం మంగలికి హిందీలో చెబుతున్నాడు. సగం మీసం తీసి, కత్తి గాల్లోనే ఆపేసి, అయితే ఆ బావమరిది ఏమయ్యాడని అడిగాడు మంగలి.

మేస్త్రీ నా వైపు చూశాడు. బావమరిది పుస్తకంలో ఒక్కసారే కనిపిస్తాడని, విందుకొచ్చి తిని వెళ్లిపోతాడని చెప్పాను.

"పాపం, తిని పోయిండు" అన్నాడు మేస్త్రీ. మంగలి మిగతా సగం తీశాడు.