బ్రాడ్వే నాటకంలో అమ్మమ్మ చీర

మా చిన్నప్పుడు, నెబ్రాస్కాలో, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ఇంటి కప్పు ఎక్కేవాడు... ఏంటెన్నా తిప్పడానికి. కింద కిటికీ దగ్గర నిలబడి "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు!" అని నేను అరిచేదాన్ని. టీవీలో చుక్కలు తగ్గి బొమ్మ నిలిచేది.

ఎనభైల మొదట్లో మాట. ఆ ఊళ్ళో ఇండియా నుంచి వచ్చినవాళ్ళం మేమొక్కళ్ళమే. చుట్టూ మొక్కజొన్న చేలు, పందుల షెడ్లు. నాన్నకు భూసార పరీక్షల ఆఫీసులో ఉద్యోగం.

ఆదివారాలు ఒక ఛానల్లో పాత బ్రాడ్వే సంగీత నాటకాలు వేసేవారు. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా వదిలేది కాదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూసేది. "మాట్లాడుతూ మాట్లాడుతూ పాటెత్తుకుంటారే! అచ్చం మా ఊరి వీధి భాగవతమే" అని నవ్వేది.

వాటిలో ఒకటి నాకు పిచ్చి. ఒక తూర్పుదేశపు సుల్తాను, ఆయనకు ఏడుగురు కూతుళ్ళు, ఓడ దిగిన ఒక అమెరికా నావికుడు. క్యాసెట్ మీద రికార్డు చేసుకుని టేపు అరిగేదాకా చూశాను. పాటలన్నీ కంఠతా వచ్చేశాయి.

ఆరో క్లాసులో మా మ్యూజిక్ టీచర్ అదే నాటకం వేయిస్తానంది. ఏడుగురు కూతుళ్ళలో ఒక వేషం నాదేననుకున్నాను... నల్లటి జడ స్కూలు మొత్తంలో నాకే ఉంది మరి. టీచర్ నా పాట విని, గొంతు చిన్నదని చెప్పి, తెర తాడు లాగే పని ఇచ్చింది. వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి, మీ అమ్మ దగ్గర జరీ చీరలుంటే ఇస్తుందా అని అడిగింది.

చీర తెస్తే వేషం ఇస్తుందేమోనని ఆశ. ఇంటికెళ్ళి అమ్మ ప్రాణం తీశాను.

అమ్మ ముందు రెండు నైలాన్ చీరలు తీసింది. మళ్ళీ లోపల పెట్టేసింది. "టీచరమ్మ నోరు తెరిచి అడిగింది. ఇస్తే మంచిదే ఇవ్వాలి" అంటూ పెట్టె అడుగు నుంచి అమ్మమ్మ గద్వాల చీర తీసింది. అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ వెళ్ళలేకపోయింది. తర్వాత ఎవరో వస్తూ తెచ్చిచ్చిన చీర అది.

ఇస్త్రీ చేసి, నాకు కట్టి చూపించింది. "కుచ్చిళ్ళు ఏడు పెట్టమను. జరీలో పిన్నీసులు గుచ్చొద్దని చెప్పు" అంది.

పిన్నీసుల గురించే ఆమె భయం. చీరకు కత్తెర పెడతారని ఆమెకు తట్టలేదు... నాకూ తట్టలేదు. పెళ్ళిళ్ళకు ఇరుగుపొరుగు చీరలు అడిగి కట్టుకుని, మడిచి తిరిగిచ్చే ఊరు ఆమెది. చీరను కోయొద్దని ఎవరికైనా ముందే చెప్పుకోవాలా?

శనివారం మధ్యాహ్నం నాటకం. తెర నేనే లాగాను. ఏడుగురు కూతుళ్ళూ మొహాలకు గోధుమరంగు పూసుకుని వచ్చారు. ఆ రంగు అక్కర్లేని పిల్ల తాడు పట్టుకుని పక్కన నిలబడింది.

ఇద్దరి కాళ్ళకు అమ్మమ్మ చీర పైజామాలై ఉంది. కొంగు సుల్తాను తలపాగా అయింది. అంచు విడిగా కోసి సింహాసనానికి స్టేపుల్ కొట్టారు.

హాలంతా చప్పట్లు. మూడో వరుసలో అమ్మ చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

అయ్యాక టీచర్ ఆ ముక్కలన్నీ కిరాణా కాగితం సంచిలో వేసి తెచ్చింది. ఎంత అందమైన గుడ్డ, ఎంత తేలిగ్గా కుట్టేశామో అని మురిసిపోయింది.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "అది మా అమ్మ చీర, కోసే ముందు ఒక్క మాట అడగాల్సింది... అని చెప్పవే."

వేసవి సెలవులకు ముందు ఇంకో నాటకం ఉందని గోడ మీద నోటీసు అప్పటికే పెట్టారు. నేను టీచర్ వైపు తిరిగి, అమ్మకు నాటకం చాలా నచ్చిందట అన్నాను. ఆవిడ అమ్మను కౌగిలించుకుంది.

కారెక్కాక అమ్మ అంది: "నేను చెప్పమన్నది అది కాదు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు."

"పోనిద్దూ... చిన్న ఊరు. రేపు మళ్ళీ వాళ్ళ మొహాలే చూడాలి" అన్నాడు నాన్న.

"మీరు కప్పెక్కి ఏంటెన్నా తిప్పండి. మీకు చేతనైంది అదొక్కటే."

నాన్న కారు స్టార్ట్ చేశాడు. తర్వాతి నాటకంలో కూడా నాకు తాడే దక్కింది.

అమ్మ ఆ ముక్కలు ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో పెట్టింది. దిండు గలీబులైనా కుట్టలేదు, పారెయ్యనూ లేదు. ఆ తర్వాత ఆదివారాలు టీవీలో పాట మొదలైతే చాలు, లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయేది.

మొన్న ఎవరో ఆ పాత ప్రసారం ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇప్పుడు మేముంటున్న చాండ్లర్ ఊళ్ళో, మా ఇంట్లో కూర్చుని మొత్తం చూశాను. అందులోనూ అదే రంగు, అవే పైజామాలు. ఎంత అమాయకమైన రోజులో అని కింద కామెంట్లు! ఒళ్ళు మండింది. ఎవరికి అమాయకం?

టీచర్ మీద కోపం. పోనిద్దూ అన్న నాన్న మీద కోపం. అందరికంటే ఎక్కువ ఆ పదకొండేళ్ళ పిల్ల మీద. చిన్నపిల్లవి కదా, వదిలెయ్ అంటారు మా ఆయన. నేను వదలను. ఆ నాటకంలో ప్రతి పాటా ఇప్పటికీ నోటికి వచ్చు... అమ్మ చెప్పమన్న ఒక్క ముక్క ఆ రోజు నోట రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి స్కూలువాళ్ళు వేరుశెనగ బిస్కెట్ పెట్టడానికి కూడా మా సంతకం అడుగుతారు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నిన్న అలాంటి కాగితం ఒకటి టేబుల్ మీద చూసి, కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివింది.

"అడగడం నేర్చుకున్నారే వీళ్ళు" అంది.

నేను చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నానో ఆమె అడగలేదు.

మీలోనూ చిన్నప్పుడు అమ్మానాన్నల మాటలు ఇంగ్లీషులో చెప్పిపెట్టినవాళ్ళు ఉంటారు. మార్చి చెప్పిన మాట ఒక్కటైనా ఉండే ఉంటుంది. ఇక్కడ రాయండి... వాళ్ళు అన్నది అన్నట్టే రాయండి.