చిన్నమ్మలు పేర్చిన కోటగోడ

రోలుగుంట దాటి కొండల వైపు నడిస్తే మా ఊరి వెనక కోటమెట్ట. దాని నెత్తిన బండల గుట్టను ఆనుకుని నిలువెత్తు రాతిగోడ గుండ్రంగా చుట్టి ఉంటుంది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. ఏ రాజు కట్టించాడో చెప్పగలిగినవాళ్లు లేరు. ఇప్పుడది మేకల దొడ్డి. ఊడుపులు మొదలైన దగ్గర్నుంచి కోతలయ్యేదాకా మేకలు కింద తిరగడానికి వీల్లేదు. వరికీ చెరుకుకీ నోరు పెడతాయి. అన్నాళ్లూ ఊరి మంద కొండ మీదే. కాపలా చిన్నమ్మలుది.

చిన్నమ్మలు అంటే ఆషామాషీ మనిషి కాదు. అరవై రెండేళ్ల వయసులో, కాలు విరిగిన మేకపోతును భుజాన వేసుకుని మెట్ట ఎక్కింది. ముప్పై ఏళ్లలో నక్కకు ఒక్క పిల్లనీ ఇవ్వలేదు. కడుపులో పిల్ల అడ్డం తిరిగిన ఈతలు పన్నెండు సరిచేసింది. కూలిన గోడను తొమ్మిది చోట్ల తన చేత్తో పేర్చింది. ఊరంతా ఎరిగినవే, అయినా చెప్పుకోవాలి.

మొన్న వైశాఖంలో పదో గండి పడింది, దొడ్డికి పల్లం వైపున. మోకాళ్లు సహకరించక మేనల్లుడు నానాజీకి కబురు పెట్టింది. నానాజీ తాపీమేస్త్రీ, అనకాపల్లిలో మూడంతస్తుల మేడలు లేపిన చెయ్యి. సిమెంటు బస్తాలు పైకి మోయించి రెండు రోజుల్లో గండిని నున్నగా పూడ్చేశాడు.

"ఇంకో వందేళ్లు దీనికేసి సూడక్కర్లేదత్తా!"

"మీ మావయ్య బతికున్నన్నాళ్లూ నాకింత పని సెయ్యలేదురా," అని చిన్నమ్మలు మురిసిపోయింది.

శ్రావణంలో వాయుగుండం పట్టింది. అత్తకు అన్నం క్యారేజీ పట్టుకుని నానాజీ పైకి వచ్చేసరికి దొడ్డిలో మోకాలి లోతు నీళ్లు. ఎంత వానకైనా చుక్క నిలిచి ఎరగని చోటు. వాకిలి పైవైపు ఉంది. బండల మీది నీళ్లన్నీ అందులోంచే లోపలికి ఉరుకుతున్నాయి. ఆ వరదకు ఎదురు వెళ్లడానికి మేకలు ససేమిరా అన్నాయి. ఎనభై నాలుగు మేకలు, పన్నెండు ఇళ్ల బతుకు. మేకపిల్లలకు నీళ్లు అప్పటికే గొంతు దాకా వచ్చేశాయి.

చిన్నమ్మలు గోడ వెంట చెయ్యి ఆనించుకుంటూ నడిచింది. పాత రాళ్ల సందుల్లోంచి నీళ్లు బయటికి పోతున్నాయి. సిమెంటు దగ్గర చుక్క కదలడం లేదు.

"ఒరే నానాజీ! ఆ కాలపోళ్లు నీళ్లెల్లిపోడానికే సందులొగ్గేర్రా. అసలైన పల్లంలో మనం మూసేసేం. గునపం తే!"

"గోడంతా మీద పడిపోద్దేమో అత్తా!"

"పడితే మళ్లీ పేరుత్తాను. సచ్చిన మేకని లేపగలవేటి? కొట్టు!"

నానాజీ తన పనితనాన్ని తానే పొడిచాడు. ఎక్కడ పొడవాలో ఆవిడ చెబుతోంది: "ఆ మూలరాయి జోలికెల్లకు. పక్కది, కింద వరసలోది." నాలుగో పోటుకు సిమెంటు పెచ్చు లేచిపోయింది. నీళ్లు భళ్లున బయటికి దూకాయి. మూలరాయి కదల్లేదు, గోడ నిలిచింది. సాయంత్రం లెక్క పెడితే ఎనభై నాలుగూ ఉన్నాయి.

వాన వెలిశాక అదే గండిని రాయి మీద రాయిగా పేర్చారు. చిన్నమ్మలు బండ మీద కూర్చుంది. నానాజీ రాళ్లెత్తాడు.

"అది ఊగుతంది. తీసి మళ్లీ పెట్టు."

"మేడలు కట్టిన మేస్త్రీనత్తా నేను!"

"కట్టేవులే. ఇది మేకలకి. తియ్యి."

నానాజీ ఆ రాయిని మూడోసారి తీశాడు.