గాలిలో రాసిన పేరు

డైరీలో అతికించిన మా అబ్బాయి పెండ్లిపత్రిక చూసినప్పుడల్లా ఆమె వేలు గుర్తొస్తుంది. చిత్తూరులో కంప్యూటరు మీద పత్రికలు తయారుచేసే ఆమె, ఫాంటు ఎంచుకునే ముందు ప్రతి పేరునూ గాలిలో వేలితో రాసి చూసేది.

మా పేర్లు తీగలు సాగే వంపుల అక్షరాల్లోనూ, వియ్యంకుడి పేరు మామూలు అక్షరాల్లోనూ వెయ్యమన్నాను. నగరిలో మగ్గం నేసే మనిషికి అది చాలనుకున్నాను.

వేలు గాలిలోనే ఆగింది.

"అట్ల కుదర్దు సార్. రెండిండ్ల పేర్లూ ఒకే ఫాంటులో ఏస్తా. ఇష్టం లేకుంటే ఇంకో అంగడి సూసుకోండి."

"తిరుపతిలో చేయించుకుంటాలే."

"పోండి. ఆడ ఏయించినా పిల్లనిచ్చేది ఆయనే కదా సార్."

బస్టాండు దాకా నడిచాను కానీ తిరుపతి బస్సు ఎక్కలేదు. తిరిగి వచ్చాను. ఆమె వేలెత్తి, ముందుగా వియ్యంకుడి పేరే గాలిలో రాసింది.