మాత్ర లోపల, వకుళ బయట

వకుళకు దేవుడంటే భక్తి, అత్తగారంటే భయం. మొగుడి తెలివిమీద మాత్రం ఏ నమ్మకమూ లేదు. అయినా 1998 వేసవిలో ఆ తెలివినే నమ్ముకుంది పాపం.

ఆమె పుట్టింది వడమాలపేటలో, మెట్టింది తిరుపతిలో. బి.ఇడి. పాసైన నెలకే పెళ్ళి, పెళ్ళయిన ఏడాదికే ఋత్విక్. వాణ్ణి మోసిన తొమ్మిది నెలలూ మంచినీళ్ళు తాగినా వాంతే. వాడికి రెండేళ్ళు నిండేసరికి టీచరు పోస్టులకు డీఎస్సీ పరీక్ష ప్రకటించారు. మూడు నెలలు గడువు. ఈలోగా మళ్ళీ నెల తప్పిందంటే ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో బకెట్. ఇక ఉద్యోగం సంగతి మరిచిపోవాల్సిందే.

అత్తగారు కుముదవల్లి లెక్క వేరు. "ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అని రోజూ సుప్రభాతంలాగా వినిపించేది. వకుళ మొగుడు వేంకటాచలపతి దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఫైళ్ళ ముందు పులి, తల్లి ముందు పిల్లి. ఆయన రెండు వీధుల అవతలి మందుల షాపుకు వెళ్ళి, లోపలి ఆడవాళ్ళు బయటికొచ్చేదాకా పంటినొప్పి ఉన్నవాడిలా చెంప పట్టుకుని నిలబడి, గర్భం రాకుండా వేసుకునే మాత్రల అట్ట ఒకటి పట్టుకొచ్చాడు. వకుళ దాన్ని బీరువాలో పెళ్ళి పట్టుచీర మడతలో దాచింది. రోజుకొకటి మింగితే చాలు కదా అనుకున్నారు ఇద్దరూ.

తొమ్మిదో రోజు చీరకు మరక కనబడింది.

ఆ ఇంట్లో మరకంటే మాటలా! పొద్దునా సాయంత్రం పెరుమాళ్ళకు ఆరగింపు పెట్టే ఇల్లు. ముట్టయిన ఆడది మూడు రోజులు వరండాలో చాపమీదే. గడప తొక్కరాదు, బీరువా తాకరాదు. వకుళకు అబద్ధం చేతకాదు. ఒక్క చుక్కే అయినా చెప్పేసి చాప ఎక్కింది. మాత్రలు బీరువాలో ఉండిపోయాయి. బయట ఉన్న మనిషి తులసాకు కూడా నోట్లో వేసుకోదు, మాత్ర వేసుకుంటుందా? ఆ మూడు రోజులూ మాత్రకూ సెలవే అనుకుంది. "అంతేలే, ఒంటికి కూడా విశ్రాంతి కావాల కదా" అన్నాడు వేంకటాచలపతి, తానేదో డాక్టరు చదువు చదివినట్టు.

నాలుగో రోజు తలస్నానం, మళ్ళీ మాత్ర. ఐదు రోజులు గడిచాయో లేదో మళ్ళీ చుక్క, మళ్ళీ చాప. నలభై రోజుల్లో నాలుగుసార్లు! "మా అమ్మను కాకి ముట్టింది" అని ఋత్విక్ వీధిలో పోయేవాళ్ళందరికీ చాటింపు వేశాడు. పక్కింటి శకుంతలమ్మ గోడమీంచి తల పెట్టి, "ఏం కాకమ్మా అది, మీ ఇంటిమీదే కాపురం పెట్టిందా?" అని నవ్వింది. వేడి చేసిందని మెంతులు నానబెట్టి ఇచ్చింది, మజ్జిగ తాగమంది. వకుళ అన్నీ మింగింది, మింగాల్సింది తప్ప.

లోపల కుముదవల్లి తడిబట్టతో, మోకాళ్ళు పట్టుకుని వంట చేస్తూ, "నా కర్మ! ఈ వయసులో నాకీ పొయ్యి పట్టం కట్టినారు" అని గిన్నెలతో చెప్పుకునేది. ఆ గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినబడేది.

వకుళ భయం వేరే. ఈ రక్తమేమిటి? లోపల ఏదైనా చెడిందా? కడుపు నిలిచి, జారిపోతోందా? పుస్తకం తెరిస్తే అక్షరం తలకెక్కడం లేదు. చివరికి కళ్ళు చూపించుకోవాలని మొగుడిచేత ఇంట్లో చెప్పించి, నర్సు దేవకమ్మ దగ్గరికి వెళ్ళింది. దేవకమ్మది సేద్యం చేసే ఇల్లు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"దినామూ ఏసుకుంటా ఉండావా?" అని అడిగింది దేవకమ్మ.

"దినామూ అక్కా. బయట ఉన్నప్పుడు తప్ప."

"బయటంటే? యాడికి పోయినావు?"

"యాడికీ పోలేదక్కా, వరండాలోనే ఉండా. మాత్రలు లోపల బీరువాలో ఉండాయి."

దేవకమ్మ పెన్ను కింద పెట్టింది. "ఓయమ్మో! నువ్వు వరండాలో, మాత్ర బీరువాలో! అయితే కడుపు రాకుండా ఎవుర్ని కాపాడతా ఉండావు, బీరువానా?"

వకుళకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దేవకమ్మ ముందు మూత్రం పరీక్ష చేసింది. ఆ ఐదు నిమిషాల్లో వకుళ ముక్కోటి దేవతలకూ మొక్కేసింది, మైలలో మొక్కరాదన్న మాటే మరిచిపోయి.

"ఏం లేదు, గట్టెక్కినావు పో" అంది దేవకమ్మ. "సూడు పాపా, ఈ మాత్రలు మొదులుపెట్టినాక రెండు మూడు నెలలు అప్పుడప్పుడూ చుక్కలు పడతాయి, ఒళ్ళు అలవాటు పడేదాకా. అది జబ్బు గాదు. దానికని మానేయకూడదు. నువ్వు మద్దెమద్దెలో మానేస్తివి, దానికే ఇంగా ఎక్కువయింది. కొత్త అట్ట మొదులుపెట్టి దినామూ ఒకే వేళకు మింగు. మొదటి వారం మీ ఆయన్ని వేరే పండుకోమను. ఎక్కువగా పోయినా, మూడు నెలలు దాటినా ఆగకపోయినా, కాలు వాచి నొప్పెత్తినా డాక్టరమ్మ కాడికి రావాల."

"చుక్క కనబడితే అత్తమ్మకు చెప్పాల్నా అక్కా?"

"అది నాకు ట్రైనింగులో చెప్పలేదు తల్లీ."

కొత్త అట్టను వకుళ పుస్తకాల సంచిలో వేసుకుంది. సంచి ఎప్పుడూ వరండాలోనే వేలాడుతుంది. వారానికల్లా చుక్క రానే వచ్చింది, ఆమె చాప ఎక్కనే ఎక్కింది. సాయంత్రం మాత్ర నోట్లో వేసుకుంటుంటే గడపలో కుముదవల్లి నిలబడి ఉంది.

"ఏమే అది?"

తలనొప్పి అనబోయింది, నోరు తిరగలేదు. "పిల్లలు పుట్టకుండా, అత్తమ్మా. పరీక్ష అయ్యేదాకానే. ఈ చుక్కలు కూడా దానివల్లేనంట, నర్సు చెప్పింది" అంది.

కుముదవల్లి గడపమీద కూలబడింది. ఇక శోకాలు ఎత్తుకుంటుంది, వంశాన్ని తవ్వి పోస్తుంది అనుకుంది వకుళ.

"అంటే ఇది ముట్టు కాదా?"

"కాదంట."

"మరి ఇన్నాళ్ళూ నా మోకాళ్ళు ఊరికే అరిగినాయా?" అని కేక పెట్టింది ముసలమ్మ. కాసేపు రొప్పింది. తరువాత గొంతు తగ్గించి అంది: "నాకు ఏడు కాన్పులే. మిగిలింది ముగ్గురు. ఆ చాపమీద కూర్చున్న మూణ్ణాళ్ళే నాకు విశ్రాంతి. కడుపుతో ఉంటే అది కూడా లేదు."

వకుళకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. పెళ్ళయినప్పటినుంచీ అత్తగారిమీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"పరీక్ష ఎన్నాళ్ళుండాది?"

"నెలన్నర."

"లోపలికొచ్చినావంటే సదివినట్టే! గడియకోసారి నేనే పిలుస్తా, నా నోరు నాకు తెలీదా? పరీక్ష అయ్యేదాకా వారానికి మూణ్ణాళ్ళు నువ్వు దూరమే. ఎవురడిగినా నేను చెప్పుకుంటా."

"మరి వంట?"

"పోయిన మీ మామ గుడి వంటింట్లో, మడపల్లిలో నూరుమందికి పులిహోర కలిపినోడు. ఆయన కొడుక్కి చేతుల్లేవా? మాత్రలు తెచ్చే తెలివుండాది కదా, తడిపంచె కట్టుకుని పొయ్యికాడ నిలబడమను."

అట్లా వేంకటాచలపతి వంటవాడయ్యాడు. మొదటి రోజు చారులో ఉప్పు రెండుసార్లు పడింది. పెరుమాళ్ళు ఏమీ అనలేదు. కుముదవల్లి చాలా అంది.

కొన్నాళ్ళకు శకుంతలమ్మ మళ్ళీ గోడమీంచి చూసింది. "ఏం కుముదమ్మా, కోడలు మళ్ళీ బయటేనా?"

"బయటే. ఈసారి బాగా ఎక్కువగా ఉండాది పాపం" అంది కుముదవల్లి, కళ్ళు కూడా ఆర్పకుండా.

చాపమీద వకుళ తల ఎత్తకుండా పేజీ తిప్పింది. ఆవేళ ఆమెకు ఒక్క చుక్క కూడా కనబడలేదు.