మా ఇంట్లో ఎవరూ యూదా కామన్నారు

ఆ రోజుల్లో నేను గొప్ప చిత్రకారుణ్ణి. ఇప్పుడు కాదు, ఇప్పుడు ఒక బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. తేడా ఏమిటంటే, నాకు ఏమేం రాదో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. పదో తరగతి పరీక్షలు రాసేసి ఫలితాలు ఇంకా రాని ఆ కొద్ది వారాల్లో మనిషికి ఒక రకమైన ధైర్యం ఉంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మా ఖరగ్‌పూర్ తెలుగు చర్చిలో వేదిక వెనక తెర పాతబడిందనీ, ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి ప్రభువు చివరి భోజనం బొమ్మతో కొత్త తెర కావాలనీ పెద్దలు అనుకున్నారు. ఎవరి చేత వేయించాలా అని వాళ్ళింకా ఆలోచిస్తుండగానే మా నాన్న లేచి నిలబడి, "మావోడు ఏస్తాడండీ" అనేశాడు. (అప్పటికి నేను వేసిన మనుషుల బొమ్మలు మొత్తం రెండు. అందులో ఒకదాన్ని అమ్మ గుర్రం అనుకుంది.)

నాన్న రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. గూడ్సు వేగన్ల మీద తెల్లటి అంకెలు రాయడం ఆయన పని. కాబట్టి తెర మీద బైబిలు వాక్యం రాసే బాధ్యత ఎవరూ అడక్కుండానే ఆయన తీసుకున్నాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరు ముందు గదిలో మంచాలు బయట పడేసి, నేలంతా ఆ గుడ్డ పరిచాం. మూడు వారాలు వరండాలోనే తిన్నాం, వరండాలోనే పడుకున్నాం. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి రాగానే ముందు బైబిల్లో ఆ భోజనం ఉన్న అధ్యాయం పైకి చదివేవాడు, తర్వాత కుంచెలు తీసేవాళ్ళం. అమ్మ అంచులు కుట్టేది. అప్ప (అక్కని మేము అప్ప అంటాం) రంగులు కలిపేది. నాన్నమ్మ గోడకి ఆనుకుని కూర్చుని అందరి తప్పులూ పట్టేది. "బల్ల మీద సేపేదిరా? అందరూ సేపలోళ్ళే గదా, పండగ పూట సేప నేకండా తింటారేటి?" అంటే చేప వేశాను. "ఆ కాలంలో కుర్చీలేటి, పీటలెయ్యి" అంటే కుర్చీలు చెరిపి పీటలు వేశాను. పీటల మీద కూర్చుంటే శిష్యులకి బల్ల అందలేదు. చివరికి బల్ల కాళ్ళు కోశాను. ఈ వాదాలన్నిటి మధ్య ఎవరో ఒక పాట ఎత్తుకునేవారు, మిగతావాళ్ళం చేతిలో పని ఆపకుండా అందుకునేవాళ్ళం. మా ఇంట్లో అందరూ ఒకేసారి ఒకే వైపు చూడటం నాకు తెలిసి అదే మొదలు. టీవీ ముందు కూడా ఎప్పుడూ అలా లేము, రిమోటు ఒకటే కదా.

ముఖాల దగ్గర నాన్న ఒక నియమం పెట్టాడు. "సర్చిలో ఎవుడి మొకమూ రాకూడదు. ఒకడిని పేతురుని సేస్తే ఇంకో పదిమంది అలుగుతారు." నాకు ఊహించి ముఖం వేయడం రాదు. ప్రభువు ముఖానికి క్యాలెండరుంది, శిష్యులకి మాత్రం ఇంట్లోవాళ్ళనే వాడుకున్నాను. నాన్నమ్మకి గడ్డం పెడితే పేతురు అద్భుతంగా కుదిరాడు. అప్పకి లేత మీసం పెట్టి యోహానుని చేశాను. అమ్మ ఇద్దరు శిష్యులైంది, నాన్న నలుగురు, నేను మొహమాటపడుతూ ముగ్గురు. అలా పదకొండు మంది అయ్యాక, ప్రభువుని పట్టిచ్చిన యూదా మిగిలాడు. ఇక్కడ ఇల్లంతా ఏకమైంది. "యూదాకి నా మొకం పెట్టినావా, ఈ ఇంట్లో నీకు బువ్వ నేదు" అంది నాన్నమ్మ. అప్ప ఆ సాయంత్రమంతా ముఖం చున్నీలో దాచుకుని తిరిగింది. నన్ను నేను వేసుకుందామనుకున్నాను కానీ, పరీక్షల ఫలితాలు రావలసి ఉన్నాయి, ఎందుకొచ్చిన గొడవ. ఆఖరికి నాకొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. యూదాని మనకి వీపు చూపిస్తూ కూర్చోబెడితే ముఖం అవసరమే లేదు! ఊహించి వేయలేని నేను, ఆ వెనక తలని మాత్రం తడుముకోకుండా, తీరిగ్గా, ఎంతో ప్రేమగా వేశాను. అంత బాగా ఎలా వచ్చిందా అని ఒక్కసారైనా అనుమానం రాలేదు.

ఇక్కడ మా పెదనాన్న గురించి చెప్పాలి. ఆయన ట్రాఫిక్ కాలనీలో ఉండే గూడ్సు గార్డు. ఉద్యోగమంతా రైలు చిట్టచివరి డబ్బాలో గడిపినందుకేమో, చర్చిలో మాత్రం మొదటి బెంచీ ఆయనది. ఆయనకీ నాన్నకీ రెండేళ్ళు మాటల్లేవు. కారణం ఆస్తులు కావు, కీర్తన ఎంత వేగంగా పాడాలన్నది. పెదనాన్న పాట ఎక్స్‌ప్రెస్, నాన్నది అన్ని స్టేషన్లలోనూ ఆగే బండి. ఒక ఆదివారం ఇద్దరూ ఒకే పాటని చెరో చోట ముగించారు, అంతే. పక్కన కూర్చోవడానికి నాన్నకి పంతం, దూరంగా కూర్చోవడానికి మనసు రాదు. అందుకని మమ్మల్ని తీసుకెళ్ళి సరిగ్గా పెదనాన్న వెనక బెంచీలో కూర్చునేవాడు. ఆ ముందటి క్రిస్మస్‌కి నాన్నమ్మ ఏడ్చి, అలిగి, ఒక పూట తినడం మానేసి ఇద్దరి చేతా మాట్లాడించింది. బెంచీలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇద్దరు కొడుకులూ ఒక బెంచీలో కూర్చోగా చూడాలన్నది ఆవిడకి మిగిలిన ఒకే ఒక్క కోరిక.

మట్టల ఆదివారం తెర విప్పారు. ముందు అందరూ "ఆహా" అన్నారు. తర్వాత మా రెండో బెంచీ చివర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మూడో బెంచీకి, నాలుగో బెంచీకి పాకి, గుమ్మం దగ్గర చెప్పుల దాకా వెళ్ళింది. బట్టతల చుట్టూ సన్నటి జుట్టు, మెడ మీద మడతలు, కుడి చెవి కింద పులిపిరి, బయటికి పొడుచుకొచ్చిన ఎడమ చెవి. చర్చిలో మనం ఒకరి ముఖాలొకరం చూసేది గేటు దగ్గర రెండు నిమిషాలు. మిగతా రెండు గంటలూ చూసేది వెనక తలలే. రెండేళ్ళ ప్రసంగాల పొడుగునా నా ఎదురుగా ఉన్న తలని యూదాకి పెట్టేశాను. పాస్టరు అయ్యగారికి ప్రసంగం మధ్యలో ఏడెనిమిదిసార్లు దగ్గు వచ్చింది. నాన్న ముఖం పాలిపోయింది. మూణ్ణెల్ల సఖ్యత, ఇంకా తడి ఆరని పెయింటు. కావాలనే వేయించాడని పెదనాన్న అనుకుంటే అంతే సంగతులు. నాన్నమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు ఈస్టరు దాటినా నల్లగానే ఉంది.

అయితే ఆ చర్చి మొత్తంలో ఆ తలని ఎన్నడూ చూడనివాడు ఒకే ఒక్కడున్నాడు. పెదనాన్న ఆరాధన అవగానే తెర దగ్గరికి వెళ్ళి తన్మయంగా చూశాడు. "యూదాని బలే ఏసినావురా. ఎక్కడో సూసిన మనిషిలాగున్నాడు" అన్నాడు. పైగా అప్పని పిలిచి, బొమ్మ చూస్తున్నట్టు తనని వెనక నుంచి ఫోన్లో ఫోటో తీయమన్నాడు. అప్ప కళ్ళు మూసుకుని నొక్కింది కానీ ఫోటో స్పష్టంగా వచ్చింది. అది గోల్‌బజార్ స్టూడియోలో పెద్దది చేయించుకోవడానికి వెళితే, మన గొడవలేవీ తెలియని స్టూడియో బెంగాలీ దాదా ప్రింటు తీసి ఇస్తూ, "పెయింటింగ్ మే భీ ఆప్ హీ బైఠా హై" అన్నాడట. బొమ్మలో కూర్చున్నదీ మీరే కదా అని.

బుధవారం సాయంత్రం పెదనాన్న సైకిలు మా గుమ్మంలో ఆగింది. నాన్న లేచి నిలబడ్డాడు. నాన్నమ్మ కళ్ళు తెరిచే ప్రార్థన మొదలెట్టింది. పెదనాన్న ఫోటో తీసి మా ముందు పెట్టాడు. పక్కపక్కనే రెండు తలలు, కవల పిల్లల్లా.

"ఏరా, నా ఎనక ఇలగే ఉంటాదేటి?"

నేను తల ఊపాను.

"మెడ మీద మూడు మడతలు కూడానా?"

"నాలుగురా," అంది నాన్నమ్మ ప్రార్థన ఆపి. "కుర్రోడు ఒకటి తగ్గించినాడు."

"అన్నియ్యా, కుర్రోడు తెలీక సేసినాడు," అన్నాడు నాన్న. "రేపు పొద్దున్నే సెరిపించేస్తాను."

"సెరపొద్దు." పెదనాన్న ఫోటోలో ఒక చోట వేలు పెట్టాడు. "ఇది సూడు. ఇంతమంది కూకున్నారు గదా, ఆయన రొట్టె ఎవుడికి ఇస్తన్నాడు? ఈడికే. రెండేళ్ళు తమ్ముడితో మాటాడకండా సర్చిలో రొట్టె తీసుకోడానికి ఆ బల్ల కాడికి ఎల్లినాను. ఇది నాకు కాదేమో, కాదేమో అనుకుంటానే తిన్నాను. ఈ కుర్రోడు సూడు, ఆయన సెయ్యి తిన్నగా నా కాడికే సాపించినాడు."

నాన్న అక్కడే నేల మీద కూలబడి, "నీ ఎనకాల బెంచీలోంచి నానూ ఎల్లినాను కదన్నియ్యా" అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నారు. నాకూ ఏడుపొచ్చింది. అప్ప నా వంక చూసి ముందు తనే ఏడ్చేసింది. నాన్నమ్మ మాత్రం, "అయితే రేపు ఇద్దరూ ఒక బెంచీలో కూకోండి, ముందుకీ పక్కకీ సూడలేక నా మెడ పట్టేస్తంది" అని తేల్చేసింది. పెదనాన్న వెళ్ళేటప్పుడు నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి చెవిలో, "కొంచెం జుట్టు మాత్రం ఎయ్యరా నాయనా" అన్నాడు. వేశాను. మర్నాడు, ఈస్టరు ముందు గురువారం జరిగే ప్రభువు బల్ల ఆరాధనలో యూదాకి ఒత్తుగా జుట్టు మొలిచి ఉండటం చూసి చర్చి ఇంకోసారి నవ్వింది. ఆ నవ్వులో మొదటి బెంచీలో పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ములు కూడా ఉన్నారు. పాట మాత్రం మళ్ళీ చెరో చోట ముగించారు.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ రొట్టె అటు వెళ్ళింది భక్తితో కాదు. నాకు చేతులు వేయడం రాదు. వేళ్ళు ఎప్పుడూ ఆరో ఏడో వచ్చేవి. శిష్యులందరి చేతులూ బల్ల కిందా, అంగీల్లోనూ దాచేశాను. ప్రభువు చేతిని దాచడానికి ఇంకెక్కడా చోటు లేక యూదా తల వెనక్కి తోశాను, రొట్టె మాత్రం పైకి కనబడేలా. "కుర్రోడికి దేవుడు సూపించినాడు" అని ఊరంతా అంటుంటే తల వంచుకుని వినయంగా ఒప్పేసుకున్నాను. ఇప్పుడు చేతులు బాగానే వేస్తాను, ఐదు వేళ్ళూ లెక్క తప్పకుండా పిల్లలకీ నేర్పుతాను. కానీ గదిలో ఒక్కణ్ణే కూర్చుని వేసిన ఆ చక్కటి చేతుల్లో ఒక్కటి కూడా ఇంతవరకూ ఎవరికీ రొట్టె అందించలేదు.