చాంద్రాయణగుట్ట దారి మూడుసార్లు

మా పెద్దపిల్ల తన మనవలకు ఒక కథ చెబుతూ ఉంటుంది. తనకు జబ్బు చేసినప్పుడు తండ్రి శ్రీశైలానికి కాలినడకన వస్తానని మొక్కుకున్నాడట. తొలిరోజే భక్తి పొంగి, నడిచిన దారినే వెనక్కి వెళ్లి మళ్లీ నడిచి వచ్చాడట. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పోయినవాళ్ల తప్పులు ఎంచకూడదని ఇన్నేళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను. జరిగింది వేరు.

అది 1938 మాఘమాసం. గౌలిపురాలో మాకు బర్రెలుండేవి, పాల వ్యాపారం. అంతకుముందు వానాకాలంలో పిల్లకు విషజ్వరం వచ్చింది. మజ్జిగ పోశాను కాబట్టే వచ్చిందని అత్తగారు అన్నారు, ఆడబిడ్డ అంది, పాలకు వచ్చినవాళ్లు కూడా అన్నారు. చివరికి మా ఆయనా అదే మాట అన్నాడు. ఒకరోజు పిల్ల పిలిస్తే కళ్లు తెరవలేదు. అప్పుడు ఆయన దాని పాదాలు పట్టుకుని పైకే మొక్కుకున్నాడు.

"మల్లన్నా, పిల్ల లేచి కూసుంటే నేను, నా పెండ్లాం ఇద్దరం బండెక్కకుండ నడిచొస్తం."

నేను పక్కనే ఉన్నాను. నా కాళ్ల మీద మొక్కేటప్పుడు నన్ను ఒక్క మాట అడగలేదు. అయినా పిల్ల లేచి కూర్చుంది. కూర్చున్నాక ఆ మాట నాది కూడా అయింది. అది తప్పితే జ్వరం తిరగబెడుతుందన్న భయం రాత్రీ పగలూ నన్ను వదిలేది కాదు.

శివరాత్రికి మా గల్లీల్లోంచి ఒక గుంపు నడిచి వెళ్లేది. పెద్దదిక్కుగా ఒక భజన పెద్దాయన ఉండేవాడు. పిల్లనూ బర్రెలనూ అత్తగారికి అప్పగించి తెల్లవారుజామున ఆ గుంపుతో బయలుదేరాం. చాంద్రాయణగుట్ట దగ్గర ఆయన ఆగిపోయాడు.

"కాలుకు ముల్లు గుచ్చుకున్నది. మీరు నడువుండ్రి, అందుకుంట."

నడిచాం. నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఆయన జాడ లేదు. పహాడీ షరీఫ్ దర్గా గుట్ట కిందికి చేరేసరికి, మాకంటే ముందే ఒక వేపచెట్టు కింద కూర్చుని వేయించిన శనగలు తింటున్నాడు.

"గింత మెల్లగ నడిస్తే శివరాత్రి అయినంక చేరుతరు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆయన కాళ్ల వైపు చూశాను. మా అందరికీ మోకాళ్ల దాకా దుమ్ము. ఆయనకు చీలమండలు కూడా దాటలేదు.

"ఎట్లొచ్చినవ్?"

"నడిచే వచ్చిన. అడ్డదారుంటది."

"యాడుంటది? బర్రెల గడ్డికి ఈ దిక్కే వస్త గద నేను, నాకు కండ్లబడని అడ్డదారి నీకెట్ల దొరికింది?"

ఆయన ఇంకో గుప్పెడు శనగలు నోట్లో వేసుకునేలోపే దర్గా మెట్ల వైపు నుంచి, మా గల్లీలో గుర్రబ్బండి తోలే ఝట్కా భాయ్ వచ్చాడు. మా దగ్గరే పాలు పోయించుకునేవాడు, మంచి మనిషి.

"ఏంది భాభీ, నువ్వు గూడ ఎక్కకపోతివి? బండి ఖాళీగనే వచ్చింది. భాయ్ ఒక్కడే షాన్‌గ కూసొని వచ్చిండు."

నేను మొక్కు సంగతి చెప్పాను. ఝట్కా భాయ్ చేతిలోని చర్నాకోల కింద పెట్టేశాడు.

"మన్నతా? పిల్ల మీదనా? తోబా తోబా! నాకు ఒక్క మాట చెప్పలేదు గద భాయ్! తెలిస్తే ఎక్కిచ్చుకుంటనా?"

భజన పెద్దాయన మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "ఏం గాదు బిడ్డా. మల్లన్న కాడ ఒక కొబ్బరికాయ ఎక్కువ కొడితె అయిపాయె."

"మొగోనితోని నడి బజార్ల లొల్లేంది?" అని ఒక ముసలమ్మ కసిరింది.

అప్పటిదాకా అణచుకున్నదంతా నోట్లోకి వచ్చింది. "పిల్లకు జరమొస్తే నా మజ్జిగ. ఈయన మొక్కు తప్పితే కొబ్బరికాయ. రేపు మల్ల జరమొస్తే ఎవరినంటరు? నన్నే గద! ఎక్కిన కాడికి పోయి నడిచి రావాలె. లేకుంటే నేను ఈడికెల్లి కదల."

ఝట్కా భాయ్ ముందుకొచ్చాడు. "రా భాయ్, ఎక్కిన కాడనే దింపుత."

ఆయన సంతోషంగా లేచి బండి పట్టె మీద కాలు పెట్టాడు. పెట్టిన కాలు చూసి నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

"మల్ల ఎక్కుతవా?" అని అరిచాను. కాలు దించాడు.

ఒంటరిగా పంపితే మళ్లీ ఏ బండి దొరుకుతుందో అని నేనూ వెనక్కి నడిచాను. మొక్కులో ఉన్నది ఇద్దరం అనే కదా. గుంపు ముందుకు సాగిపోయింది. ఆ దారి రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు. ఆయన తర్వాత అందరికీ రెండు మైళ్లని చెప్పేవాడు, అదీ అబద్ధమే.

"జర నవ్వరాదే, పిల్ల మంచిగనే ఉన్నది గద," అన్నాడొకసారి. మంచిగా ఉంది కాబట్టే నడుస్తున్నానని మనసులో అనుకున్నాను. చాంద్రాయణగుట్ట దగ్గర ఆయన బండెక్కిన చోట నేల ముట్టి దండం పెట్టుకుని, మళ్లీ ఇటు తిరిగాను. అలా ఆ దారి నా కాళ్ల కింద మూడుసార్లు పోయింది, ఆయన కాళ్ల కింద రెండుసార్లు.

తుక్కుగూడ చేరేసరికి దీపాలు పెట్టారు. గుంపు పరువు పోతుందనుకున్నాడో ఏమో, భజన పెద్దాయన అక్కడివాళ్లతో ముందే వేరే మాట చెప్పి ఉంచాడు. "మావోడు భక్తితోని నడిచిన దారే మల్ల నడిచొస్తున్నడు" అని. మమ్మల్ని చూడగానే ఊరి ఆడవాళ్లు ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, బిందెలతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగి పసుపు రాయసాగారు. ఒకావిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఆడోళ్లంత వంటకాడున్నరు. నువ్వేంది గిప్పుడొస్తివి?" అని నా ముందు వంకాయల గంప పెట్టింది.

నేను ఆయన వైపు చూశాను. ఒక్క మాట చెబితే చాలు. ఆయన తన కాళ్ల వైపు చూసుకుంటూ, రెండో కాలు కూడా చాపాడు.

ఆకలితో, బొబ్బలెక్కిన కాళ్లతో కూర్చుని వంకాయలు కోశాను. ఆ అరుగు మీదే మా ఇంటి కథ పుట్టింది. పిల్లకు మళ్లీ జ్వరం రాలేదు. అది పెరిగి, పెళ్లయి, మనవలను ఎత్తి, తండ్రి భక్తి గురించి చెబుతోంది.

ఇదంతా రాసిన ఈ కాగితాలు దానికే ఇస్తాను. ఈసారి చెప్పేటప్పుడు ఝట్కాతో మొదలుపెట్టమంటాను.